11 ఏళ్ల తర్వాత కమిటీ మారుతోంది – పూర్వ విద్యార్థుల సంఘం అప్పగింతలు ఎలా తీసుకోవాలి?

ఎంవీపీ_సెక్టార్9
విశాఖలో మా డిగ్రీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి 11 ఏళ్లుగా ఒకరే అధ్యక్షులు. ఈ జనవరి సర్వసభ్య సమావేశంలో తప్పుకుంటానని ఆయనే చెప్పేశారు, గొడవలేం లేవు. కార్యదర్శి, కోశాధికారి కూడా ఆయనతో పాటే దిగిపోతామంటున్నారు. కోశాధికారి మార్చిలో కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్లిపోతున్నారు. కార్యదర్శిగా నా పేరు అనుకుంటున్నారు. అప్పగింతల సంగతేంటని అడిగితే "ఏముందయ్యా, బీరువా తాళం ఇస్తాం, అంతే కదా" అంటున్నారు. బీరువా తెరిచి చూశాను. మినిట్స్ బుక్కులు రెండు, రసీదు పుస్తకాలు ఓ పది, ఎఫ్‌డీ కాగితాలు, 2016 రీయూనియన్ ఫ్లెక్సీ. సభ్యులు 1,400 చిల్లర అంటారు, జాబితా ఎవరి లాప్‌టాప్‌లో ఉందో తెలీదు. ఖాతాలో 6 లక్షలు, ఎఫ్‌డీల్లో 22 లక్షలు. తాళం తీసుకునే ముందు ఇంకేం అడగాలి? ఏ వరసలో?

కోశాధికారి_కష్టాలు
ముందు అడగాల్సింది తాళం కాదు, ఓటీపీ. బ్యాంకు ఖాతాకి లింకైన ఫోన్ నంబరు ఎవరిది? ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో ఉన్న నంబరు ఎవరిది? వెబ్‌సైట్ డొమైన్ ఎవరి మెయిల్ మీద కొన్నారు? మూడింటికీ "మా కోశాధికారిదే" అని జవాబొస్తే ఆయన విమానం ఎక్కేలోపు మీ పని అయిపోవాలి. రోమింగ్ వేయించుకోకపోతే మన సిమ్ అక్కడ మూగది.

గాజువాక_గడుసు
2016 ఫ్లెక్సీ దాచారంటే రికార్డులు బాగానే మెయింటైన్ చేసినట్టు లెక్క.

మినిట్స్_మాష్టారు
వరస అడిగారు కాబట్టి చెప్తున్నా. నోటీసు, ఎన్నిక, తీర్మానం, రిజిస్ట్రార్, బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్. ఈ వరస తప్పితే ప్రతి కౌంటర్ దగ్గరా వెనక్కి తిప్పుతారు, ఎందుకంటే తర్వాతి ఆఫీసు అడిగేది ముందు ఆఫీసు ఇచ్చిన కాగితమే.

నోటీసులో "కొత్త కార్యవర్గం ఎన్నిక" అని విడిగా అంశం ఉండాలి. "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" కింద ఎన్నిక కానిచ్చేస్తే, రేపు ఒక్క సభ్యుడు ప్రశ్నించినా నిలబడదు. నోటీసు ఎన్ని రోజుల ముందు పంపాలి, కోరం ఎంత, వార్షిక చందా కట్టని వాళ్లకి ఓటుందా లేదా, అన్నీ మీ బైలాలోనే (సంఘం నియమావళి) ఉంటాయి. బీరువాలో ఉన్న జిరాక్సు నమ్మొద్దు. మధ్యలో సవరణ జరిగిందో లేదో ఆ జిరాక్సు చెప్పదు. రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, అది రావడానికి పట్టే టైమ్ లెక్కేసుకుని నోటీసు తేదీ పెట్టుకోండి.

ఎన్నికైన తర్వాత కొత్త కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వెయ్యాలి. ఆంధ్రప్రదేశ్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 9 ప్రకారం గడువు 15 రోజులు. జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, హోదా, ప్రతి ఒక్కరి సంతకం. ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. ఉపాధ్యక్షుడు బెంగళూరు, సహాయ కార్యదర్శి మస్కట్. సమావేశం అయిన సాయంత్రం భోజనాల దగ్గర కూర్చోబెట్టి సంతకాలు పెట్టించేయండి. బస్సెక్కాక దొరకరు.

ఎంవీపీ_సెక్టార్9
జాబితా చివరిసారి ఎప్పుడు వేశారని అడిగాను. 2019 అనుకుంటా అన్నారు.

దొండపర్తి_దొర
అయితే మధ్య సంవత్సరాలవి ఇప్పుడు రాసి వేసేయండి. అందరూ చేసేదే. మినిట్స్ బుక్కులో ఖాళీ పేజీలుంటాయి కదా.

మినిట్స్_మాష్టారు
@దొండపర్తి_దొర, అదొక్కటీ వద్దు. వెనక తేదీ వేసి రాసిన మినిట్స్ ఎప్పుడు పట్టుబడతాయో తెలుసా? సంతకం పెట్టిన ఆయన ఆ రోజు దేశంలో లేకపోతే. పాస్‌పోర్టు స్టాంపు చాలు. పూర్వ విద్యార్థుల సంఘంలో సగం కమిటీ ఏదో ఒక ఏడాది అమెరికాలోనే ఉంటుంది. పైగా పాత కమిటీ తప్పుకి కొత్త కార్యదర్శి సంతకం ఎందుకు?

నిజంగా సమావేశాలు జరిగి, జాబితా మాత్రమే వెయ్యకపోతే, ఏ ఏడాదికి ఆ ఏడాది నోటీసు, హాజరు పట్టిక, మినిట్స్ కాపీ జతచేసి ఆలస్యంగానే వెయ్యండి. సమావేశమే జరగని ఏడాది ఉంటే దాన్ని ఖాళీగానే వదిలేయండి. ఈ జనవరి సమావేశంలో "ఫలానా సంవత్సరాల్లో సమావేశం జరగలేదు, ఆ కాలపు లెక్కలు ఈ రోజు సభ ముందుంచి ఆమోదించారు" అని రాసుకోండి. గీత దాటకుండా బయటపడే దారి అదే. బైలాలో కమిటీ కాలం ఎన్నేళ్లుందో అది కూడా చూసుకోండి, 11 ఏళ్లలో ఎన్నిసార్లు తిరిగి ఎన్నుకున్నారో తేలుతుంది.

దొండపర్తి_దొర
సరే మాష్టారూ, పుస్తకం మూసేశా.

ఆడిటర్_అబ్బాయి
ఇంకో చిక్కు. జనవరిలో మారితే ఆర్థిక సంవత్సరం తొమ్మిది నెలలు పాతవాళ్లది, మూడు నెలలు కొత్తవాళ్లది. మార్చి 31 బ్యాలెన్స్ షీటు మీద సంతకం మాత్రం కొత్తవాళ్లు పెట్టాలి. ఆ తొమ్మిది నెలల్లో లోటు దొరికితే ఎవరిది?

అందుకని బదలాయింపు తేదీకి ట్రయల్ బ్యాలెన్స్ (ఆ రోజుకి అన్ని ఖాతాల నిల్వల పట్టిక) తీయించి, బ్యాంకు రీకన్సిలియేషన్ (మన పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ సరిచూడటం) చేయించి, చేతిలో ఉన్న నగదు రూపాయితో సహా లెక్కపెట్టి, పాత కొత్త కోశాధికారులు ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఆడిటర్ని మాత్రం ఆ ఏడాది మార్చకండి. కమిటీ, ఆడిటర్ ఒకేసారి మారితే పాత ఎంట్రీ ఎందుకు వేశారో చెప్పేవాడే ఉండడు.

సిరిపురం98
దానికన్నా సులువు. ఎన్నిక జనవరిలోనే పెట్టుకోండి, విదేశాల వాళ్లు సంక్రాంతికి వస్తారు కాబట్టి. బాధ్యతలు మాత్రం ఏప్రిల్ 1 నుంచి. మధ్యలో పది వారాలు కొత్తవాళ్లు పాతవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. లెక్కల సంవత్సరం కూడా నిట్టనిలువునా తెగుతుంది.

కంచరపాలెం_కుర్రోడు
ఆ పది వారాలు ఎవరి మాట చెల్లుతుంది గురూ? దిగిపోయేవాళ్లకి ఆసక్తుండదు, ఎక్కేవాళ్లకి అధికారముండదు. ఫిబ్రవరిలో స్కాలర్‌షిప్ చెక్కులు ఇవ్వాల్సొస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సిరిపురం98
తీర్మానంలో ఒక్క వాక్యం చాలు. "మార్చి 31 వరకు మామూలు ఖర్చులు తప్ప కొత్త ఒప్పందం, ఎఫ్‌డీ రద్దు, 50,000 దాటిన చెల్లింపు ఏదైనా కొత్త అధ్యక్షుడి రాతపూర్వక సమ్మతితోనే." స్కాలర్‌షిప్‌లు ముందే ఆమోదించినవి కాబట్టి ఆగవు. 50,000 నా అంకె, మీకు నచ్చింది పెట్టుకోండి.

కోశాధికారి_కష్టాలు
వీళ్ల విషయంలో ఏప్రిల్ 1 కుదరదు. పాత కోశాధికారి మార్చిలోనే ఎగిరిపోతున్నారు. పేపర్ మీద పదవి ఇక్కడ, మనిషి డల్లాస్‌లో. జనవరిలోనే కానిచ్చేసి ట్రయల్ బ్యాలెన్స్ తీసుకోవడం నయం.

మినిట్స్_మాష్టారు
ఏప్రిల్ పద్ధతికే వెళ్తే, సెక్షన్ 9 జాబితాలో "01.04 నుంచి బాధ్యతలు" అని స్పష్టంగా రాయండి. 15 రోజులు సభ జరిగిన తేదీ నుంచే లెక్క, ఏప్రిల్ దాకా ఆగొద్దు.

బ్యాంకు_బాబాయ్
బ్యాంకు సంగతి నేను చెప్తా. సంతకదారుల మార్పుకి బ్రాంచి అడిగేవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా, సంఘం పాన్, రిజిస్ట్రార్ ముద్ర పడిన కొత్త జాబితా, తీర్మానం సర్టిఫైడ్ కాపీ, కొత్తవాళ్ల పాన్, ఆధార్, ఫోటోలు, నమూనా సంతకాలు. పాత సంతకదారుల అంగీకార లేఖ తీర్మానం బాగుంటే అక్కర్లేదు, కానీ కొన్ని బ్రాంచీలు అడుగుతాయి. సభ రోజే ముగ్గురితో రాయించి పెట్టుకోండి, ఖర్చు ఒక తెల్ల కాగితం.

వెనక్కి పంపేది ఎక్కువగా తీర్మానం వల్లే. "కొత్త కమిటీకి ఖాతా నిర్వహించే అధికారం ఇవ్వడమైనది" అని ఒక లైను రాసుకొస్తారు. దానితో మేం ఏం చెయ్యాలి? ఇలా ఉండాలి:

"మా సంఘం పేర ఉన్న సేవింగ్స్ ఖాతా నం. ____, ఫిక్స్‌డ్ డిపాజిట్లు నం. ____, ____, ____ లకు సంబంధించి ఇప్పటి సంతకదారులు శ్రీ ____, శ్రీ ____, శ్రీ ____ గార్ల అధికారాన్ని తేదీ ____ పని వేళలు ముగిసినప్పటి నుంచి రద్దు చేయడమైనది. ఆ మరుసటి రోజు నుంచి అధ్యక్షులు శ్రీ ____, కార్యదర్శి శ్రీ ____ లలో ఒకరు, కోశాధికారి శ్రీమతి ____ తో కలిసి సంతకం చేయాలి. నెట్ బ్యాంకింగ్‌లో నమోదు చేసేవారు కోశాధికారి, ఆమోదించేవారు అధ్యక్షులు. ఖాతాకు నమోదు కావలసిన ఫోన్ నం. ____, మెయిల్ ____."

ఎఫ్‌డీ నంబర్లు కచ్చితంగా రాయండి. సేవింగ్స్‌కి సంతకాలు మార్చి, ఎఫ్‌డీలు మరిచిపోతారు. అవి ఆటో రెన్యువల్‌లో తిరుగుతుంటాయి. మూడేళ్ల తర్వాత మూసేద్దామని వస్తే కార్డు మీద పాత సంతకాలే.

ఎంవీపీ_సెక్టార్9
బాబాయ్, పాతవాళ్లు ఇచ్చిన చెక్కులు ఇంకా పాస్ కానివి ఉంటే?

బ్యాంకు_బాబాయ్
చెక్కు తేదీ నుంచి 3 నెలలు చెల్లుతుంది. సంతకదారులు మారాక పాత సంతకంతో చెక్కొస్తే తిప్పి పంపే ప్రమాదం ఉంది, స్కాలర్‌షిప్ పిల్లాడి ఖాతాలో రిటర్న్ ఛార్జీ పడుతుంది. అందుకే మార్పు లేఖతో పాటు ఇంకా పాస్ కావాల్సిన చెక్కుల జాబితా ఇవ్వండి, నంబరు, తేదీ, పేరు, మొత్తం. లేదా పాత చెక్కులు వెనక్కి తీసుకుని కొత్తవి రాయండి. వాడని చెక్కు ఆకులు నంబర్లతో లెక్కపెట్టి, అడ్డంగా గీత కొట్టి "రద్దు" రాయండి. ముందే సంతకం పెట్టేసిన ఖాళీ చెక్కులు చాలా సంఘాల్లో ఉంటాయి, నవ్వకండి. "సార్ ఊళ్లో ఉండరు కదా" అని ఐదారు పెట్టించుకుంటారు. ముందు వాటిని వెతకండి.

గాజువాక_గడుసు
ఫ్లెక్సీ మడతల్లో వెతకండి.

లెక్చరర్_మేడమ్
కాలేజీ వైపు నుంచి ఒక మాట. న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల మీదే ఒక భాగం ఉంది. సంఘం రిజిస్టరైందా, ఐదేళ్లలో ఎంత సహకారం అందింది అని అడుగుతారు. ప్రిన్సిపాల్‌కి ఆ లెక్కలు కావాల్సి వచ్చేది సరిగ్గా మీ కమిటీ మారే వేళకే. సంఘం కాలేజీకి ఇచ్చిన ప్రతి రూపాయికీ, ప్రొజెక్టర్‌కీ, బీరువాకీ కాలేజీ నుంచి అందినట్టు రసీదు ఉందా చూడండి. సంఘం పుస్తకాల్లో "కాలేజీకి ఇచ్చాం" అని, కాలేజీ స్టాక్ రిజిస్టర్లో ఏమీ లేదని తేలితే రెండు వైపులా ఇబ్బందే. ప్రిన్సిపాల్ బదిలీ అయ్యే లోపు సంతకం తీసుకోండి.

కంచరపాలెం_కుర్రోడు
ప్రిన్సిపాల్ హోదా రీత్యా పోషకులు అని బైలాలో ఉంటే బ్యాంకు సంతకంలో ఆయన్ని కలపొద్దు. మూడేళ్లకోసారి బదిలీ, మూడేళ్లకోసారి మళ్లీ ఇదే పని.

క్యూఆర్_కోడ్
రీయూనియన్ చందా స్కానర్ ఎవరి పేరు మీద ఉంది? చాలాచోట్ల కోశాధికారి సొంత ఫోన్‌పే. డబ్బు ఆయన ఖాతాలో పడి అక్కడి నుంచి సంఘానికి వస్తుంది. మంచోడే కావచ్చు, కానీ పన్ను ఆఫీసుకి అది ఆయన ఖాతాలో పడ్డ సొమ్ము. పాత పోస్టర్లు, పాత వాట్సాప్ మెసేజిల్లో ఆ క్యూఆర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆయన డల్లాస్ వెళ్లినా పాపం డబ్బులు పడుతూనే ఉంటాయి. సంఘం ఖాతా మీదే క్యూఆర్ తీసుకుని, పాతది చెల్లదని ప్రతి బ్యాచ్ గ్రూపులో బొమ్మతో సహా పెట్టండి. పాత కోశాధికారి స్టేట్‌మెంట్ గత మూడు నెలలది అడిగి సంఘానికి రావాల్సింది లెక్క తేల్చుకోండి. మొహమాటపడొద్దు, ఆయనకీ అదే క్షేమం.

ఆడిటర్_అబ్బాయి
12ఏబీ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ) నంబర్ల గడువు చూసుకున్నారా? 2021-22లో పాత సంఘాలన్నిటికీ ఐదేళ్లకి ఇచ్చినవి 2026 మార్చి 31తో అయిపోయేవి. రెన్యువల్ ఫారం 10ఏబీ గడువుకి ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబర్ 30లోపే వెయ్యాల్సింది. కమిటీ మారే ఏడాదిలో "కొత్తవాళ్లు చూసుకుంటారు" అని పాతవాళ్లు, "పాతవాళ్లు వేసే ఉంటారు" అని కొత్తవాళ్లు. వెయ్యకపోతే 80జీ రసీదు పోవడం చిన్న విషయం. సంఘం ఆస్తి నికర విలువ మీదే పన్ను పడే 115టీడీ అనే సెక్షన్ ఉంది. మీ 28 లక్షల మీద అన్నమాట. 12ఏబీకి ఆలస్యమైతే మన్నింపు అడిగే వీలుంది, హైదరాబాద్ ఎగ్జెంప్షన్స్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి, సరైన కారణం చూపాలి. "కమిటీ మారుతోందండీ" అన్నది సరైన కారణం అనుకుంటే మీ ఇష్టం.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం కాబట్టి నేను చెప్పిన 1961 చట్టం నంబర్లు అందులో వేరుగా ఉంటాయి. మీ ఆడిటర్ని నంబర్లు కాదు, ఆర్డర్ కాపీ మీద "వరకు" అని ఉన్న తేదీ అడగండి.

ఎంవీపీ_సెక్టార్9
పోర్టల్ పాస్‌వర్డ్ ఆడిటర్ దగ్గరే ఉందట. అది చాలా?

ఆడిటర్_అబ్బాయి
చాలదు. సంఘం పాన్ లాగిన్‌లో ప్రధాన వ్యక్తిగా ఎవరి పాన్ ఉందో ఆయన మార్చి, ఓటీపీ ఇస్తేనే కొత్తవాళ్లు ఎక్కుతారు. డిజిటల్ సంతకం టోకెన్ కూడా మనిషిది, సంఘానిది కాదు. పాతాయన టోకెన్ బీరువాలో పెట్టి వెళ్తే దాంతో మీరు రిటర్న్ వేస్తే అది ఆయన సంతకం ఫోర్జరీ. కొత్త కోశాధికారికి కొత్త టోకెన్ తీయించండి. చెల్లింపుల్లో పన్ను (టీడీఎస్) కోసుంటే దానికి వాడే టాన్ నంబరు లాగిన్ వేరే, అదీ మార్చాలి. దాతల జాబితా (1961 చట్టంలో ఫారం 10బీడీ) ప్రతి ఏడాది మే 31 లోపు. జనవరిలో మారితే మీ మెడకి మొదట చుట్టుకునేది అదే. పది రసీదు పుస్తకాల్లో ప్రతి దాత పాన్ ఉందో లేదో ఇప్పుడే తిప్పండి.

అట్లాంటా_అల్లుడు
బయట ఉన్నవాళ్ల డబ్బు గురించి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు మీద ఉన్నవాడు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా కావాలి. పాత కమిటీకి ఎవరు ఏ పాస్‌పోర్టో నోటికి తెలిసి ఉంటుంది, "వాడు గత ఏడాదే సిటిజన్ అయ్యాడు, వాడి దగ్గర తీసుకోవద్దు" అని. ఆ సమాచారం కాగితం మీద ఉండదు. అది రాయించుకోండి. ఇప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంఘమైతే పదవులు మారగానే ఎఫ్‌సీ-6ఈ ఫారం కూడా వెయ్యాలి.

డొమైన్_డాక్టర్
డొమైన్ పాత కార్యదర్శి సొంత జీమెయిల్ మీద, ఆయన క్రెడిట్ కార్డుతో ఆటో రెన్యువల్లో ఉంటుంది. కార్డు గడువు తీరగానే రెన్యువల్ ఆగిపోతుంది, హెచ్చరిక మెయిల్ ఆయన ప్రమోషన్స్ ట్యాబులో పడి ఉంటుంది. కాబట్టి ముందు సంఘం పేరుతో, హోదా పేరుతో ఒక మెయిల్ తెరవండి. మనిషి పేరుతో వద్దు. దాని రికవరీ ఫోన్‌గా సంఘం సిమ్ ఒకటి కొనండి, రీఛార్జి తేదీ కోశాధికారి క్యాలెండర్‌లో. డొమైన్, ఫేస్‌బుక్ పేజీ, పేమెంట్ గేట్‌వే, సభ్యుల షీటు అన్నీ ఆ మెయిల్‌కి. పాతవాళ్లని వెంటనే తీసేయకండి. కొత్తవాళ్లు లాగిన్ అయ్యి, ఏదో ఒకటి మార్చి చూసి, అప్పుడు తీయండి. ముందే తీసేసి రెండు పక్షాలూ బయట నిలబడ్డ పేజీలు బోలెడు.

బీచ్‌రోడ్డు_వాకర్
సభ్యుల జాబితా ఎక్సెల్ అందరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దు. 1,400 మంది ఫోన్ నంబర్లు బయటికెళ్తే మర్నాటి నుంచి భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాట్ కావాలా సార్ అని అందరికీ ఫోన్లే. 2023 డిజిటల్ డేటా చట్టం ఒకటుంది, అది పక్కన పెట్టినా మర్యాద అన్నది ఉంది. పాత లాప్‌టాప్‌లోది కొత్తవాళ్లకి ఇచ్చాక అక్కడ తుడిచేశామని అప్పగింత పత్రంలో రాయించండి.

గాజువాక_గడుసు
భోగాపురం ప్లాట్లు అమ్మే ఆయన మా ఉపాధ్యక్షుడే అయితే?

బీచ్‌రోడ్డు_వాకర్
అయితే ఆయన సభ్యత్వ కమిటీలో ఉండకూడదు గురూ.

మెడల్_మేడమ్
ఎఫ్‌డీలు 22 లక్షలన్నారు. అందులో సంఘం సొంతం ఎంత, దాతలు ఫలానా పేరు మీద మెడల్‌కో స్కాలర్‌షిప్‌కో ఇచ్చింది ఎంత? కొత్త కమిటీలు ఎఫ్‌డీ కనబడగానే "రీయూనియన్ చేద్దాం" అంటాయి. దాత లేఖతో వచ్చిన మూలధనం కదపకూడదు, ఆదాయపు పన్ను దగ్గర కూడా దాన్ని విడిగానే చూపాలి. దాత వారీగా ఒక పట్టిక అడగండి. ఎవరు, ఎప్పుడు, ఎంత, షరతు ఏమిటి, ఏ ఎఫ్‌డీ, పోయిన ఏడాది వడ్డీ ఎంత, మెడల్ ఇచ్చారా.

షరతు నెరవేరనివి కూడా తేలతాయి. లక్ష రూపాయల ఎఫ్‌డీ, 7 శాతం అనుకుంటే ఏడాదికి 7,000. దాత లేఖలో "బంగారు పతకం" అని ఉంది. 7,000కి బంగారు పతకం వచ్చే రోజులు కావివి. బంగారు పూత అని లేఖ సవరించుకోవడానికి దాత గానీ వారసులు గానీ సంతకం పెట్టాలి. వాళ్లతో పరిచయం పాత అధ్యక్షుడికే ఉంటుంది, ఆయన ఉండగానే కానివ్వండి.

కంచరపాలెం_కుర్రోడు
అసలు చిక్కు ఎవరూ మాట్లాడట్లేదు. 11 ఏళ్లు చేసిన పెద్దాయన దిగిపోయాక ఎక్కడ కూర్చుంటారు? "గౌరవాధ్యక్షులు" అని పెట్టి ప్రతి మీటింగుకీ పిలిస్తే కొత్త అధ్యక్షుడు ఆరు నెలల్లో ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

లెక్చరర్_మేడమ్
పూర్తిగా బయట పెడితే దాతలు, కాలేజీ పాలకవర్గం, పాత బ్యాచ్‌లు అన్నీ ఆయనతో పాటే పోతాయి. నేను ఒప్పుకోను. ఒక ఏడాది సలహాదారుగా ఉంచండి, ఓటు లేకుండా.

కంచరపాలెం_కుర్రోడు
ఓటు లేకపోయినా మాట ఉంటుంది మేడమ్. ఆయన దగ్గితే సగం కమిటీ తల ఊపుతుంది.

సిరిపురం98
మధ్యే మార్గం. పదవి ఇవ్వకండి, పని ఇవ్వండి. "దాతలతో సంబంధాలు, 12 నెలలు" అని రాతలో. కార్యవర్గ సమావేశాలకి ఆహ్వానం ఉండదు, ఆ ఒక్క అంశం వచ్చినప్పుడే. మొదటి మూడు నెలలు దాతల ఇళ్లకి కొత్త అధ్యక్షుణ్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఫోన్‌లో పరిచయం చేస్తే అతకదు. సన్మానం ఘనంగా చెయ్యండి, శాలువా, జ్ఞాపిక, అన్నీ. కానీ "శాశ్వత" అన్న మాట ఉన్న ఏ బిరుదూ తీర్మానంలో రానివ్వకండి.

లెక్చరర్_మేడమ్
సలహాదారు అన్న పేరు పోయినా ఆ ఇంటింటికీ వెళ్లడం ఉంటే నాకు సరే.

కంచరపాలెం_కుర్రోడు
12 నెలలు ఎక్కువ. ఆరు.

గాజువాక_గడుసు
వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఎవరో అదే అసలు అధ్యక్షుడు. 1,024 మంది దాటితే గ్రూపు నిండిపోతుంది కాబట్టి వీళ్లకి రెండు గ్రూపులు, ఇద్దరు అధ్యక్షులు.

దొండపర్తి_దొర
ముగ్గురూ ఒకేసారి దిగడం తప్పు కదా? బైలాలోనే ఈ ఏడాది కార్యదర్శి, వచ్చే ఏడాది కోశాధికారి అని విడివిడిగా పెట్టుకోవచ్చు.

మినిట్స్_మాష్టారు
ఈసారి మంచి మాట చెప్పావు. అది బైలా సవరణ, ప్రత్యేక తీర్మానం కావాలి, నోటీసులో వేరే అంశంగా రావాలి. ఎన్నిక రోజే సవరణ పెడితే "నీకోసమే మార్చారు" అంటారు. వచ్చే సభకి ఉంచుకోండి. ఈ లోపు సహాయ కోశాధికారిగా పాత కమిటీ మనిషి ఒకరుంటే చాలు. ఇంకా తగాదా అనిపిస్తే చట్టంలో సెక్షన్ 23 ఉంది, మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకి గానీ వెళ్లొచ్చు. మీకు ఆ అవసరం కనబడట్లేదు.

మినిట్స్_మాష్టారు
అప్పగింత పత్రం గురించి మరిచా. రెండు ప్రతులు, ప్రతి పేజీ మీద నలుగురి సంతకాలు. నిలువు గళ్లు ఐదు: వస్తువు, గుర్తు లేదా నంబరు, ఎక్కడుంది, ఎవరి చేతిలో, అందిన తేదీ. "మినిట్స్ బుక్కు 2" అని రాయకండి, "2వ పుస్తకం, 1 నుంచి 148 పేజీలు రాసినవి, 149 నుంచి ఖాళీ" అని రాయండి. రసీదు పుస్తకాలు క్రమ సంఖ్యతో, వాడినవి, వాడనివి, మధ్యలో లేనివి. వాడని రసీదు పుస్తకం ఒక్కటి బయట తిరిగితే సంఘం పేరుతో ఎవరైనా వసూలు చెయ్యగలరు. రబ్బరు స్టాంపులు ఎన్ని చేయించారో అడిగి, పాతవి అందరి ముందు కోసేయండి, కొత్తవి చేయించుకోండి. లెటర్‌హెడ్ మీద పేర్లు అచ్చు వేయించకండి, హోదాలు చాలు.

బీచ్‌రోడ్డు_వాకర్
మన ఊళ్లో ఇంకో పని. బీరువా సముద్రం గాలి తగిలే గదిలో ఉంటే స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి కాగితం చిరుగుతుంది, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మధ్యలో గోధుమ రంగు చిల్లు. పిన్నులన్నీ పీకి దారం ట్యాగులు వెయ్యండి. ఒరిజినల్స్ స్కాన్ చేసి ఆ హోదా మెయిల్లో పెట్టండి. హుద్‌హుద్ తుఫానుకి 2014 అక్టోబర్ 12న కింద అరల్లో పెట్టిన ఫైళ్లు ఏమయ్యాయో ఆ ఊరి వాళ్లమే కదా, వేరే చెప్పక్కర్లేదు.

ఎంవీపీ_సెక్టార్9
ఇవాళ పాత కోశాధికారిని పట్టుకుని కూర్చున్నాను. బ్యాంకు ఫోన్ నంబరు ఆయనదే. పోర్టల్లో ప్రధాన వ్యక్తి అధ్యక్షులు. డొమైన్ 2020లో మానేసిన ఒక సహాయ కార్యదర్శి మెయిల్ మీద ఉంది, ఆయనిప్పుడు పుణెలో, ఫోన్ ఎత్తారు, ఇస్తానన్నారు. క్యూఆర్ కోశాధికారి సొంతమే, అడిగితే తనే స్టేట్‌మెంట్ తీసి ఇచ్చారు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు నాలుగు, మినిట్స్ బుక్కు అట్టలో. 80జీ ఆర్డరు కాపీ ఇంకా దొరకలేదు, రేపు ఆడిటర్ ఆఫీసుకి వెళ్తున్నా. జనవరిలోనే బదలాయింపు, ఏప్రిల్ దాకా ఆగం. పెద్దాయనకి దాతల పని ఇస్తే "ఆరు నెలలు చాలు బాబూ, మనవడి పెళ్లుంది" అన్నారు.

నోటీసు డ్రాఫ్టు రాత్రికి పెడతాను, మాష్టారూ ఒకసారి చూడండి. స్టాంపులు మూడు చేయించారట, రెండే ఉన్నాయి.

గాజువాక_గడుసు
మూడోది ప్రిన్సిపాల్ రూమ్‌లో ప్యూన్ టేబుల్ సొరుగులో చూడండి. ఫ్లెక్సీ కూడా పత్రంలో ఎక్కించండి, 12 అడుగులు బై 8, ఒక మూల చిరిగినది.

మినిట్స్_మాష్టారు
చెక్కుల నంబర్లు నాలుగూ ఇప్పుడే రాసుకున్నారా? అవి అప్పగింతకి ఆగవు. ఇవాళే గీత కొట్టించండి.